పాత ఒకటవ నంబరు: ఒక పందెపు బండి ప్రామాణ్యము

1990వ సంవత్సరము ఏప్రిలు 7వ తేదీని ఇంగ్లండు దేశమున ఒక పాత మోటారుబండిని ఒక కోటి పౌండ్లకు విక్రయించుటకు ఒడంబడిక జరిగెను. ఆ బండిని ఆంగ్లేయులు 'ఓల్డ్ నంబర్ వన్' అందురు. మన భాషలో పాత ఒకటవ నంబరు అనవచ్చును. కొనుటకు ఒప్పుకొనిన సంస్థ కొలదికాలమునకే వెనుదీసి, 'మీరు చెప్పిన బండి ఇది కాదు' అనెను. అమ్మినవాడు 'ఇది అదియే' అనెను. వివాదము హైకోర్టునకు పోయెను. న్యాయమూర్తి ఆటన్ గారి యెదుట నిలిచిన ప్రశ్న ఇంతియే: ఇది అదియేనా?

శ్రోతలారా, మోటారు నడుపుట నాకు రాదు. ఇంజనులో ఏ మర ఎచట నుండునో నన్నడిగి ప్రయోజనము లేదు. అయినను ఈ వ్యాజ్యమును గూర్చి మొదట చదివిననాడు నాకు పరిచితమైన వీథిలో అడుగిడినట్లే తోచెను. ఏలయన, చిన్ననాట గురువుగారి యెదుట తర్కము వల్లించినవారలము 'సోఽయం దేవదత్తః' అను వాక్యముతో ఎన్ని దినములు గడపితిమో లెక్క లేదు. నాడు కాశిలో చూచిన దేవదత్తుడే నేడు ఇచట కనబడుచున్నాడని చెప్పుటకు మనకు గల ఆధారమేమి? శరీరము మాఱినది, వయస్సు మాఱినది, వేషము మాఱినది. మాఱనిదేది? దేవదత్తునకు బదులు ఒక బెంట్లీ కారును నిలిపిన చాలును. ఆ లండను వ్యాజ్యమంతయు మన పాఠశాల అరుగుమీదికే వచ్చును.

ముందు ఆ బండి చరిత్ర చెప్పవలెను. డబ్ల్యూ. ఓ. బెంట్లీ అను ఇంజనీరు 1919లో స్థాపించిన కంపెనీ లండను నగరమునందలి క్రికిల్‌వుడ్‌లో కార్లు తయారు చేయుచుండెను. బండ్లు బలమైనవి, భారమైనవి, ఖరీదైనవి. కంపెనీకి మాత్రము ఎప్పుడును ధనము చాలకుండెను. కింబర్లీ వజ్రపుగనులలో ఐశ్వర్యము గడించిన బార్నీ బార్నాటో కుమారుడు వుల్ఫ్ బార్నాటో ఆ కంపెనీకి పెట్టుబడి పెట్టి అధ్యక్షుడై, తానే దాని పందెపు బండ్లను నడపెను. ఫ్రాన్సు దేశమున లె మాన్ అను పట్టణము చెంత 1923 నుండి ఇరువదినాలుగు గంటల పందెము జరుగుచున్నది. ఆ కాలమున రాత్రియనక పగలనక, ఇద్దఱు సారథులు వంతులవారీగా ఒకే బండిని తోలెడివారు. గడువు తీఱునప్పటికి ఎక్కువ దూరము నడచినదే గెలిచిన బండి. బార్నాటో ఈ పందెమున ముమ్మాఱు పాల్గొని, 1928, 1929, 1930 సంవత్సరములలో ముమ్మాఱును గెలిచెను. ఈ మూడింటిలో కడపటి రెండు గెలుపులును మన పాత ఒకటవ నంబరుతోనే.

ఆ బండి 'స్పీడ్ సిక్స్' అను జాతిది. ఆఱు సిలిండర్లు, ఆఱున్నర లీటర్ల ఇంజను. 1928-30 నడుమ కంపెనీ ఈ జాతి బండ్లను 182 మాత్రమే కట్టెను. అందులోను పందెములకొఱకే కట్టినవి వ్రేళ్లమీద లెక్కింపదగినవి. 1929 జూను మాసమున లె మాన్ పందెమునందు దీనిపై 1 అను అంకె వ్రాయబడెను. ఆ పేరు అందుండియే వచ్చినది. బార్నాటో, టిమ్ బిర్కిన్ అనువారలు దానిని సుమారు 2,840 కిలోమీటర్లు తోలి గెలిచిరి. ఆ యేడు మొదటి నాలుగు స్థానములును బెంట్లీలవే. మఱుసటి యేడు అదే బండిపై 4 అను అంకె నుంచి బార్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ అనువారు సుమారు 2,930 కిలోమీటర్లు తోలి మఱల గెలిచిరి. 1931లో కంపెనీ అప్పులపాలై రోల్స్‌రాయిస్ వారి వశమైనను, ఈ బండి పందెములు మానలేదు. ఇంగ్లండులో సర్రే జిల్లాయందు బ్రూక్‌లాండ్స్ అను కాంక్రీటు పందెపు బాట యుండెను. దాని వంపులు గిన్నె అంచువలె ఏటవాలుగా లేచియుండెడివి. 1931లో అచట జరిగిన అయిదువందల మైళ్ల పందెమున జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ అనువారు దీనితో గెలిచిరి.

మఱుసటి సంవత్సరము ఈ బండికి ఎనిమిది లీటర్ల ఇంజను పెట్టిరి. దానికి తగినట్లు నాలుగు లీటర్ల బెంట్లీ చాసిస్ అమర్చిరి. చాసిస్ అనగా బండికి వెన్నెముకవంటి ఉక్కు చట్రము. 1932 సెప్టెంబరు 24వ తేదీని అదే అయిదువందల మైళ్ల పందెమున జాక్ తమ్ముడు క్లైవ్ డన్‌ఫీ దానిని తోలుచుండగా, బండి ఏటవాలు అంచు దాటి వెలుపల పడెను. క్లైవ్ మరణించెను. పిమ్మట బార్నాటో ఆ బండిని పందెములనుండి తప్పించి రహదారిపై తిరుగు కారుగా కట్టించెను. 1938లో దాని సిలిండర్ల దిమ్మయు మాఱెను. ఇట్లు చేతులు మాఱి, రూపు మాఱి, కడకు మఱల లె మాన్ నాటి వేషమును పోలిన తెఱపి బాడీతో వెనుక జెప్పిన కోటి పౌండ్ల ఒడంబడికవఱకు వచ్చెను.

పందెపు బండ్ల స్వభావము నెఱుగనివారికి ఈ మార్పులు విపరీతముగ తోచును. కాని పందెపు బండి దేవతావిగ్రహము కాదు. అది పనిముట్టు. ఒక పందెమున వేడెక్కిన ఇంజనును తీసివేసి తదుపరి పందెమునకు వేఱొకటి పెట్టుదురు. వంగిన ఇరుసును మార్చుదురు. తేలిక కావలెనని బాడీని చెక్కి పాఱవేయుదురు. అది పుట్టిననాటి అంగములతోనే నిలిచియున్నచో, బహుశః సరిగా పరుగెత్తలేదని అర్థము! హైదరాబాదు చౌమహల్లా భవనమున నిజాము ప్రభువుల 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ బండి కలదు. పసుపువన్నె గల ఆ బండిని మహబూబ్ అలీఖాన్ ప్రభువు కోరి చేయించెను. అది చేఱునప్పటికి ఆయన లేడు. ఉత్సవములకు తప్ప బయలుదేఱక, ఇన్నేండ్లలో అది నడచినది కొన్నివందల మైళ్లు మాత్రమే. దాని గుఱుతును ఎవ్వరును సందేహింపరు. అది ఏమియు చేయలేదు గనుక ఏమియు మాఱలేదు. పాత ఒకటవ నంబరు సంగతి దీనికి సరిగా ఎదురు: ఎంత ఘనత గడించెనో అంతగా తన అంగములను కోల్పోయెను.

ఇక న్యాయస్థానమునకు వత్తము. ఉభయపక్షముల నిపుణులును బండిని మరమరగా పరీక్షించిరి. న్యాయమూర్తి తేల్చిన లెక్క వినుడు. 1929లో గెలిచిన బండికి సంబంధించినదని నిశ్చయముగా చెప్పదగినది దాదాపు ఏమియు లేదు. కాలము నిర్ణయింపరాని కొన్ని చిల్లర బిగింపులు తప్ప. 1930 నాటి బండినుండి మిగిలినవి పెడల్ దండము, గేర్‌బాక్సు తొడుగు, స్టీరింగు స్తంభము మాత్రమే. 1932 నాటి బండి, అనగా క్లైవ్ డన్‌ఫీ ప్రాణము కొనిన నాలుగు లీటర్ల చాసిస్‌యు ఎనిమిది లీటర్ల ఇంజనును మాత్రము చాలభాగము నిలిచియున్నవి. కొనువారి పక్షమున ఇంతకంటె ఏమి కావలెను? లె మాన్ విజేత యని చెప్పి మూడు ఇనుపముక్కలు అమ్మజూపినారని వారి మొఱ.

వైశేషికులు ఈ వాదమును విన్నచో మిక్కిలి సంతోషించియుందురు. వారి మతమున అవయవి అనునది అవయవములకంటె వేఱైన ద్రవ్యము. వస్త్రమునుండి ఒక్క దారము లాగినను పూర్వపటము నశించి ఖండపటము పుట్టునని వారు చెప్పుదురు. ఆ లెక్కను, లె మాన్ పందెము ముగిసి షెడ్డులో ఒక్క మర మార్చిననాడే పాత ఒకటవ నంబరు గతించినది. మఱి ఇది అదియే అని మనకు కలుగు జ్ఞానమో? 'సైవేయం దీపజ్వాలా' అన్నట్టిదే యందురు. తొలిజామున చూచిన దీపజ్వాలయు కడజామున చూచినదియు ఒక్కటియే యని మనము భ్రమింతుము. సాదృశ్యముచేత కలిగిన పొరపాటు అది.

బౌద్ధులు దీనిని వేఱుగా చూచిరి. మిళిందుడను యవనరాజును నాగసేన భిక్షువు అడిగినట్లు మిళిందపన్హమున నొక కథ కలదు. 'మహారాజా, నీవు రథముమీద వచ్చితినంటివి. నొగలు రథమా? ఇరుసు రథమా? చక్రములు రథమా?' రాజు ఏది చూపినను అది రథము కాదు. అన్నియు కూడిన చోట లోకవ్యవహారమునకై 'రథము' అను పేరు కలుగుచున్నదని భిక్షువు సమాధానము. పేరు నిలుచునది ద్రవ్యముచేత కాదు, ఎడతెగని ప్రవాహముచేత; దానికి వారు సంతానమని పేరు పెట్టిరి. గ్రీకులును ఈ చిక్కున పడినవారే. థీసియస్ అను వీరుని నావను ఏథెన్సు పౌరులు భద్రపఱచి, కుళ్లిన పలకకు బదులు కొత్త పలక వేయుచు వచ్చిరి. అది ఆ నావయేనా యని తార్కికులు వాదులాడిరని ప్లూటార్కు వ్రాసెను. పదునేడవ శతాబ్దమున హాబ్స్ అను ఆంగ్ల తత్త్వవేత్త దీనికి ఇంకొక కొక్కెము తగిలించెను: తీసివేసిన పాత పలకలన్నిటిని ఎవడైన కూర్చి వేఱొక నావ కట్టినచో, ఆ రెండింట ఏది థీసియస్ నావ? ఇది కేవలము ఊహ యని హాబ్స్ అనుకొనియుండవచ్చును. కార్ల విపణిలో ఇది నిజముగా జరుగును. ప్రమాదమున విఱిగిన చట్రమును ఒకడు తీసికొనిపోయి దానిపై ఒక బండి కట్టును. అదే బండి ఇంజనును బాడీని మఱొకడు కొని వానికి కొత్త చట్రము చేయించును. కొన్నియేండ్లకు ఒకే చాసిస్ నంబరుతో రెండు బండ్లు లోకమున తిరుగుచుండును. ఇద్దఱు యజమానులును తమదే అసలని ప్రమాణము చేయుదురు, ఇద్దఱి చేతిలోను కొంత సత్యముండును.

న్యాయమూర్తి ఆటన్ గారు మన బౌద్ధులను చదివియుందురని నేననను. ఆయన తీర్పు మాత్రము సంతానవాదమునకు మిక్కిలి దగ్గఱగా నున్నది. పుట్టిననాటి అంగములు గల మూలరూపమని ఈ బండిని చెప్పవీలులేదని ఆయన ఒప్పుకొనెను. అట్లని పోయినదానిని పునఃసృష్టి చేసిన బొమ్మయు కాదనెను. కొత్త అంగములు ఎంత నెమ్మదిగా, ఎంత కాలముమీద చేఱినవనగా, ఏ దశయందును బండి తన వ్యక్తిత్వమును కోల్పోలేదు. నాలుగు సంవత్సరములు అది విరామములేక ఉత్తమశ్రేణి పందెములలో నిలిచెను. ఇప్పుడున్న బెంట్లీలలోగాని గతించినవానిలోగాని ఆ పేరునకు న్యాయముగా హక్కు చెప్పగలది వేఱొకటి లేదు. కావున ఇది ప్రామాణికమైన పాత ఒకటవ నంబరే యని ఆయన నిర్ణయించెను. నన్ను మిక్కిలి ఆకర్షించినది తరువాతి మాట. ఆ ఏప్రిలు 7వ తేదీని అమ్మకమునకు వచ్చినది ఈ బండి లోహము మాత్రమే కాదనియు, దాని చరిత్రయు కీర్తియు కూడననియు ఆయన చెప్పెను. అమ్మినవాడు గెలిచెను.

ఈ తీర్పును మోటారు పండితులలో కొందఱు నేటికిని ఒప్పుకొనరు. నేను ఒప్పుకొందును. అందులో కీలకమైన మాట 'నెమ్మదిగా' అనునది. తూర్పు గోదావరి తీరమున అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి రథము 2020 సెప్టెంబరున దగ్ధమయ్యెను. కొత్తది చేయించి 2021 ఫిబ్రవరి ఉత్సవమునకు నడపిరి. స్వామి అదే, వీథి అదే, మోకు పట్టిన భక్తులును వారే. అయినను ఊరివారందఱు దానిని 'కొత్త రథము' అనియే అనిరి. అదే పాత రథమునకు ఒకయేడు చక్రము, ఇంకొకయేడు ఇరుసు మార్చుచు వచ్చినచో ఎవ్వరును కొత్తదనరు. మన జనవ్యవహారమునందు ఉన్న ఈ విచక్షణయే లండను న్యాయమూర్తి తీర్పునందును కలదు.

దీనికి ఎదురుగ నున్న ఉదాహరణము తీసికొందము. జాగ్వారు కంపెనీవారు 1957లో ఎక్స్‌కెఎస్‌ఎస్ అను పేరి బండ్లను 25 కట్ట సంకల్పించిరి. ఆ ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి కోవెంట్రీలోని వారి కర్మాగారము అగ్నికి ఆహుతి కాగా అందులో 9 నశించెను. పూర్తియై లోకమునకు వచ్చినవి 16 మాత్రమే. దాదాపు అఱువదేండ్ల తరువాత, 2016లో, ఆ నశించిన తొమ్మిదింటిని తామే తిరిగి నిర్మింతుమని అదే కంపెనీ ప్రకటించెను. పాత కొలతలు, పాత పద్ధతులు, నిర్మాత పేరు కూడ అదియే. ఒక్కొక్కదాని వెల పదిలక్షల పౌండ్లకు పైబడెను. బెంట్లీ వారును ఇట్లే 2022లో స్పీడ్ సిక్స్ బండ్లను మఱల 12 కట్టెదమని చెప్పిరి. వీనిని చూచి అసలైనవని ఎవ్వరును భ్రమపడరు. కంపెనీవారును అట్లనరు, 'కొనసాగింపు' అందురు. చూడుడు, ఇచట ఆకృతి కలదు, నిర్మాత కలడు, ప్రతి మరయు సరియైనదే. అయినను పాత 16 బండ్ల వెలకు ఇవి ఎన్నటికిని చేఱవు. అచట మూడు ఇనుపముక్కలు మాత్రమే మిగిలినను బండి అదియే యయ్యెను. లోహమును మాత్రమే తూచువానికి ఈ రెండు తీర్పులు పరస్పర విరుద్ధములుగా కనబడును. చరిత్రను తూచువానికి విరోధము లేదు.

చరిత్రను తూచుట యెట్లు? ఇచట నాకు తెలిసిన విద్య కొంత పనికివచ్చును. తామ్రశాసనములలో కూటశాసనములు చాల కలవు. భూమికొఱకు అగ్రహారముకొఱకు తరువాతి కాలపువారు పూర్వరాజుల పేర రాగిరేకులు చెక్కించిరి. ఫ్లీట్ పండితుడు ఇట్టివాని నెన్నిటినో పట్టికగా కూర్చి 1901లో ప్రకటించెను. అట్టి శాసనము ఎట్లు పట్టుబడును? రాజు పేరు ఒక శతాబ్దమువాడు, లిపి ఇంకొక శతాబ్దముది. తిథికి వారము కుదురదు. ముద్ర వేఱొక వంశముది. బండిని పరీక్షించువారు చేయునదియు ఇదియే. చట్రముపై కొట్టిన అంకెల వంపు ఆ కర్మాగారమున ఆ కాలమున వాడిన అచ్చుదిమ్మలతో సరిపోవలెను. ఇంజను, గేర్‌బాక్సు, వెనుక ఇరుసు అంకెలు కంపెనీ చిట్టాలో ఆ చాసిస్‌కు ఎదుట వ్రాసినవే కావలెను. దీనినే 'నంబర్లు కలియుట' అందురు. అతుకుల తీరు, రివెట్ల వరుస పాత పందెములనాటి ఛాయాచిత్రములతో సరిచూతురు. ఎవడైన పాత అంకెలను ఆకురాయితో అరగదీసి కొత్తవి కొట్టినచో, ఆమ్లము పూసి చూతురు; అచ్చుదిమ్మ దెబ్బకు క్రింది లోహము నలిగియుండును గావున, అరగదీసిన అంకె నీడవలె పైకి తేలును. అరిగిపోయిన శిలాశాసనముపై పిండి చల్లి అక్షరములు చదివిన మాకు ఇది కొత్తగా తోచదు. నిర్మాతలును ఈ పనికి పూనుకొనిరి: ఫెరారీ కంపెనీ తన పాతబండ్లను పరీక్షించి ప్రమాణపత్రములిచ్చుటకు ప్రత్యేకశాఖ నడపుచున్నది.

విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీ కట్టు నా పాతశిష్యుడొకడు ఈ మాటలు విని నవ్వెను. 'మాస్టారూ, మాకు ఇంత తంటా లేదండి. బాడీ ఎన్నిమాఱులు కట్టినా, ఇంజను మార్చినా, ఆర్.సి. పుస్తకములోని చాసిస్ నంబరు ఏదో ఆ లారీ అదే' అనెను. వాని మాట లారీలకు చాలును. లారీని కొనువాడు అది మోయబోవు బరువునకు వెల కట్టును. పందెపు బండిని కొనువాడు అది ఎన్నడో చేసిన పనికి వెల కట్టును. గడచినదానికి సాక్షులు కావలెను గనుకనే పరీక్షకు ఇంత శ్రమ.

వెలలను గూర్చి కొన్ని అంకెలు చెప్పెదను. విని ఆశ్చర్యపడుటకు కాదు, పోల్చుటకు. ఫెరారీవారు 1962-64 నడుమ 250 జి.టి.ఓ. అను పందెపు బండ్లను 36 కట్టిరి. 2018లో కాలిఫోర్నియాయందలి మాంటెరే వేలమున అందొకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికెను. 2022 మేలో జర్మనీలో మెర్సిడెస్ కంపెనీ తాను 1955లో కట్టిన రెండు ఉలెన్‌హౌట్ కూపే బండ్లలో ఒకదానిని వేలమున 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్మెను. అంతకుముందు ఏ కారును వేలమున అంత వెల పలుకలేదు. ఈ కూపే ఏ పందెమునందును పరుగెత్తలేదని గమనింపవలెను. కాని అది పుట్టిననాటినుండి నిర్మాత చేయి దాటలేదు. దానిది అనుమానమునకు తావులేని పరంపర. 250 జి.టి.ఓ. కు వెల తెచ్చినది గెలుపులు. కూపేకు వెల తెచ్చినది చెక్కుచెదరని వాసము. రెండును చరిత్రయే.

ఇంకొకటి నాకు మిక్కిలి నచ్చిన సంగతి. పశ్చిమ ఫ్రాన్సులో ఒక పల్లెటూరి క్షేత్రమున ఎన్నో యేండ్లుగా మూలబడియున్న కార్ల గుంపు 2014లో బయటపడెను. అందు 250 జి.టి. కాలిఫోర్నియా స్పైడర్ అను ఫెరారీ యొకటి. దానిపై పాత పత్రికలు దొంతరలుగా పడియుండెను. వేలమువారు దానిని కడుగలేదు, రంగు వేయలేదు. 2015 ఫిబ్రవరిలో పారిసు వేలమున ధూళితోనే నిలిపిరి. అది 1 కోటి 63 లక్షల యూరోలు పలికెను. ఆ దుమ్ము అబద్ధమాడదని కొనువారికి తెలియును. మన తాళపత్రములను గూర్చి ఈ తెలివి ఎందఱకుండెను? పాతప్రతిలోని వ్రాతగాని దోషములను దిద్ది, చిమ్మెటలు తిన్నచోట స్వకపోలకల్పితమైన పాఠము నింపి, శుభ్రముగా కొత్తప్రతి వ్రాసి పాతదానిని గంగలో కలిపిన మహానుభావులను నేనెఱుగుదును. ఆ ప్రతి ఎచట మూలమో ఎచట వారి పాండిత్యమో ఇక ఎవడు చెప్పగలడు? కార్లను బాగుచేయువారిలోను ఇట్టివారు కలరు. గీతలు పడిన తోలు సీటును పాఱవేసి కొత్తతోలు వేయుదురు. పందెమున సొట్టపడిన రేకును అద్దమువలె చేయుదురు. ఆ సొట్టయే సాక్షి యని వారికి ఎవరు చెప్పవలెను? నేడు కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ వంటి ప్రదర్శనములలో మరమ్మతు చేయని బండ్లకు వేఱుగా ఒక శ్రేణి యేర్పఱచిరి. ఆలస్యమైనను మంచిపని.

పాత ఒకటవ నంబరు విషయమునను నాకు గల అసంతృప్తి ఇట్టిదే. తీర్పుతో నాకు పేచీ లేదు. ఆ బండిపై తరువాత కట్టిన తెఱపి బాడీ లె మాన్ విజయములను స్మరింపజేయును. ప్రజలు చూడగోరునది అదియే గావున తప్పు పట్టలేము. కాని న్యాయమూర్తిగారి లెక్కను మఱల తలచుకొనుడు. 1929 నాటి విజయబండినుండి చెప్పదగినది మిగులలేదు. 1930 నాటిదానినుండి మూడు వస్తువులు. దాదాపు సంపూర్ణముగా చేతికి తగులునది 1932 సెప్టెంబరు నాటి బండి. ఆ చట్రము, ఆ ఎనిమిది లీటర్ల ఇంజను బ్రూక్‌లాండ్స్ అంచు దాటినప్పుడున్నవే. బార్నాటో, బిర్కిన్, కిడ్‌స్టన్‌ల పేర్లు విని కోటి పౌండ్లు పెట్టువాని చేతికి వచ్చు ఇనుములో ఎక్కువపాలు క్లైవ్ డన్‌ఫీది.